అందించిన మాట

మా అక్కని మీరు చూసే ఉంటారు. పేరు చెబితే గుర్తుపట్టరు గానీ ముఖం చూస్తే "అరె, ఈవిడా!" అంటారు. హీరో తల్లి చనిపోయినప్పుడు పక్కన కూర్చుని గుండెలు బాదుకునే పొరుగింటావిడ, కుదిరిన పెళ్ళి చెడగొట్టే మేనత్త, హీరోయిన్‌ని వానలో హాస్టల్ బయటికి గెంటేసే వార్డెను, ఆఖర్న కళ్ళజోడు తీసి తీర్పు చెప్పే జడ్జీ, అన్నీ మా అక్కే. సినిమా అయిపోయాక పేర్లు పైకి జారుతుంటే జనం లేచి చెప్పులు వెతుక్కుంటారు చూడండి, మా అక్క పేరు అప్పుడు వస్తుంది.

నన్ను మాత్రం మీరు చూసి ఉండరు. కనబడకపోవడమే నా ఉద్యోగం. నేను నాటకాల్లో ప్రాంప్టర్ని. స్టేజీ పక్క తెర చాటున స్టూలు వేసుకుని, చిన్న దీపం పెట్టుకుని, నటులు మరిచిపోయిన మాట అందిస్తుంటాను. మేమిద్దరం పనిచేసిన నాటక కంపెనీలో నన్ను గుసగుస అని పిలిచేవారు. ఆ పేరు పెట్టినవాడికి నా పనేమిటో తెలియదు. గుసగుసలాడేది చేతకాని ప్రాంప్టర్లు, ముందు వరసలో వాళ్ళందరికీ వినిపించేట్టు. నేను గొంతు పెట్టను. పెదవులు కదుపుతాను, అంతే. అందరికీ అది అందదు, మా అక్కకి అందుతుంది. చిన్నప్పుడు అమ్మ నిలదీస్తున్నప్పుడు ఆ మూల నుంచి నేను అబద్ధం అందించడం, ఈ మూల నుంచి తను దాన్ని అమాయకంగా చెప్పడం మాకు అలవాటే. ఆ విద్యే తర్వాత మాకు అన్నం పెట్టింది.

అక్క పద్దెనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, కంపెనీలో ముసలమ్మ వేషం వేసే ఆవిడ జ్వరంతో పడింది. అక్క జుట్టుకి పౌడరు రాసి, నడుం వంచి పంపించారు. ఎంత బాగా చేసిందంటే, ఆ పౌడరు మళ్ళీ దులపనివ్వలేదు. నాయిక వేషం అడిగితే, నీ ముఖం దానికి సరిపోదమ్మా అన్నారు. కొన్నాళ్ళు పోయాక వయసు సరిపోదన్నారు. మధ్యలో రెండూ సరిపోయిన రోజు ఏదైనా ఉందేమో మాకు తెలియనే లేదు.

సినిమాలో మొదటి వేషం నర్సు. ఒకటే మాట: "కంగారు పడకండి, డాక్టరుగారు వస్తున్నారు." దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగింది. పాలు పొంగితే అదే మాట, కరెంటు పోతే అదే మాట. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. తర్వాత వార్డెను వచ్చింది. "సామాన్లు సర్దుకో. ఇక్కడ ఒక్క నిమిషం ఉండడానికి వీల్లేదు!" అని అక్క అరిస్తే హాల్లో పిల్లలు ఏడ్చేవారు. వేషాలు దొరకని ఏళ్ళలో చీకటి గదిలో మైకు ముందు నిలబడి వేరేవాళ్ళ ముఖాలకి గొంతు అరువిచ్చింది. పిల్లల బొమ్మల సినిమాలో తప్పిపోయిన బాతుపిల్లకి కూడా గొంతు తనదే. "అమ్మా, నేను దారి తప్పాను. నన్నెవరైనా చూశారా?" అంటూ ఆ పిల్ల చెరువు చుట్టూ తిరుగుతుంది. ఆ తర్వాత టీవీ సీరియల్లో బామ్మ. ఆ బామ్మ నెలల తరబడి కోమాలో ఉంది. అక్క రోజూ పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కోమాలో పడుకోవడానికి డ్యూటీకి వెళ్ళినట్టు వెళ్ళేది. దానికి అవార్డు కూడా ఇచ్చారు. "కళ్ళు మూసుకుంటేనే నయం, నా నటన గుర్తించారు" అంది.

సీరియల్ రోజుల్లోనే మరుపు మొదలైంది. అక్కడ ఎవరూ పట్టుకోలేకపోయారు, ఎందుకంటే సెట్లో అసిస్టెంట్లు ప్రతి మాటా గట్టిగా అరిచి అందిస్తారు, గొంతు తర్వాత కలుపుకుంటారు. ఇంట్లో ఉన్నది నేను కాబట్టి నాకు తెలిసింది. ఒకరోజు కింద కొట్టుకి సబ్బు కోసం వెళ్ళాం. కొట్టువాడి ముందు నిలబడి, "అదీ..." అని ఆగిపోయింది. సబ్బు అన్న మాట రాలేదు. చిటికెలో తేరుకుని చేతులు రుద్దుకుంటూ, కంట్లో నురగ పడ్డట్టు ముఖం వికారంగా పెట్టింది. కొట్లో అందరూ విరగబడి నవ్వారు. కొట్టువాడు సబ్బు ఇచ్చి, "అమ్మగారు ఎక్కడున్నా నవ్వించేస్తారండీ" అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నటులు మాట మరిచిపోయి దాన్ని కప్పిపుచ్చుకునేటప్పుడు వాళ్ళ మెడ ఎలా బిగుస్తుందో నాకు తెలుసు.

ఆ తర్వాత అన్నీ అంతే. కుళాయి విప్పి మరిచిపోయేది. మనుషుల పేర్లు ఎలాగూ తనకి ఎప్పుడూ గుర్తుండవు, ఎవరు ఎదురైనా మగవాళ్ళయితే "నాన్నా", ఆడవాళ్ళయితే "తల్లీ" అని గడ్డం పట్టుకుని నెట్టుకొచ్చేది. జనం ఎంత ప్రేమో అనుకునేవారు. ఇప్పుడు ఆ ప్రేమ మరీ ఎక్కువైపోయింది.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు ఓ నాటకాల దర్శకుడు. గడ్డమూ, చేతిసంచీ, మాట్లాడితే కళ్ళు పెద్దవి చేయడమూ. అక్క సినిమాలు చూస్తూ పెరిగాడట. ఇల్లు ఖాళీ చేయనని భీష్మించుకు కూర్చున్న ముసలావిడ మీద నాటకం రాశాడు. మొదటి నుంచి చివరి దాకా ఆవిడే మాట్లాడుతుంది. తలుపు అవతలి నుంచి అధికారి గొంతు ఒక్కటే వినిపిస్తుంది. హాలు బయట బోర్డు మీద అక్క పేరు నాటకం పేరు కంటే పైన వేస్తానన్నాడు.

"పైననా?" అంది అక్క.

"పైనేనండీ. పెద్దక్షరాలతో."

అక్క కాఫీ కప్పు ఒరిగిపోతున్నా చూసుకోలేదు. నేను కప్పు పట్టుకున్నాను.

స్టేజీ ఎలా ఉంటుందని అడిగాను. మధ్యలో ఉంటుందట, మూడు వైపులా జనం కూర్చుంటారట. పక్క తెరలు ఉండవట. మరి ప్రాంప్టరు ఎక్కడ కూర్చోవాలన్నాను. అతను నాకేసి జాలిగా చూసి, "ఇప్పుడు ప్రాంప్టింగ్ ఎవరూ పెట్టుకోవట్లేదండీ, అది పాత పద్ధతి" అన్నాడు. నా ఒళ్ళు మండింది. మండి ఏం లాభం, అతను అప్పటికే అక్క కాళ్ళకి దణ్ణం పెట్టేస్తున్నాడు.

కింద దాకా దిగి అతన్ని మెట్ల దగ్గర ఆపాను. "బాబూ, అక్కకి మాటలు నిలవడం లేదు. మధ్యలో ఆగిపోతుంది. ఈ వయసులో జనం ముందు పరువు పోగొట్టుకుంటే తట్టుకోలేదు" అన్నాను.

"ఇందాక మీ అక్కగారు మూడు సీన్లు చేసి చూపించారండీ, నాకు ఒళ్ళు గగుర్పొడిచింది."

"అవి పాతవి. పాతవి పోవు. కొత్తవే నిలవడం లేదు."

అతను తల ఊపాడు. అతని ముఖంలో ఏముందో చదవడానికి నేను పెద్దగా చదువుకోనక్కర్లేదు. అక్క పేరు పైకొస్తుంటే చెల్లెలికి కడుపుమంట అనుకున్నాడు.

ఇక డాక్టరే దిక్కు అనుకున్నాను. ఒక డాక్టరు కాగితం మీద విశ్రాంతి తీసుకోవాలని రాసిస్తే దర్శకుడూ ఒప్పుకుంటాడు, అక్క పరువూ దక్కుతుంది. కంటి పరీక్ష అని అబద్ధమాడి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ అక్కని చూడగానే కుర్చీలోంచి లేచింది. "మీరు కోమాలోంచి లేచిన రోజు మా ఇంట్లో అందరం ఏడ్చామండీ!" అంది. అక్కడే నాకు సగం ఆశ పోయింది.

అక్కని ఎదురుగా కూర్చోబెట్టి, నన్ను తన వెనక గోడ దగ్గర కూర్చోమంది. ఈ నెల ఏది, ఈ వారం ఏది, మనం ఏ అంతస్తులో ఉన్నాం అని అడిగింది. అక్క ఒక్కో ప్రశ్నకీ కొద్దిగా ఆగి, చిరునవ్వు నవ్వి, సరిగ్గా చెప్పింది. తర్వాత డాక్టరమ్మ మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది: గొడుగు, రైలు, నారింజ. కాసేపు ఆ కబురూ ఈ కబురూ చెప్పి, ఆ మూడూ ఏమిటని అడిగింది. "గొడుగు," అంది అక్క. "రైలు." ఒక్క క్షణం ఆగి, "నారింజ."

నాకు ఆశ్చర్యమేసింది. పొద్దున పళ్ళు తోముకున్న సంగతి గుర్తులేని మనిషికి నారింజ ఎలా గుర్తుంది? అక్క వెనక మందుల బీరువా ఉంది, దానికి అద్దం తలుపు. ఆ అద్దంలో గోడకానుకుని కూర్చున్న ఒక ముసల్ది కనిపించింది. దాని పెదవులు ఇంకా నారింజ అంటున్నాయి.

దేవుడి మీద ఒట్టు, నాకు తెలియకుండానే జరిగింది. అక్క ఆగింది, నాకేసి చూసింది, నా నోరు కదిలింది. ఇన్నేళ్ళ అలవాటు. దగ్గు వస్తే ఆపుకోగలం గానీ దీన్నెలా ఆపుకోను?

"డాక్టరుగారూ, నేను అందించాను. ఆవిడ నా పెదవులు చూసి చెప్పింది. నన్ను బయటికి పంపించి మళ్ళీ అడగండి" అన్నాను.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. అక్క అప్పటికే లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. "టేక్ ఓకే అయ్యాక మళ్ళీ తీయరమ్మా" అని జడ్జీ గొంతుతో అంది. డాక్టరమ్మ పకపకా నవ్వింది. వయసు మీద పడుతోంది, కాస్త మరుపు మామూలే, స్కాన్ తర్వాత ఎప్పుడైనా చూద్దాం అంటూ బలానికి మాత్రలు రాసింది. ఇద్దరూ ఫోటో దిగారు. ఫోటో తీసింది నేనే.

తిరిగొస్తుంటే టాక్సీలో అక్క కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి, "కంటి పరీక్ష అన్నావు" అంది.

నేను మాత్రల చీటీ సంచీలో కుక్కుకున్నాను.

"నాకు తెలీదనుకున్నావుటే? నా బుర్రలో ఏం జరుగుతోందో నాకు తెలీదా? పొద్దున్నే లేచి కాసేపు ఆ గోడలు ఎవరివో అని చూస్తూ పడుకుంటాను. నువ్వు వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తావు, అప్పుడు తెలుస్తుంది మనిల్లని."

"మరి ఎందుకక్కా ఈ నాటకం? వద్దని చెప్పేద్దాం."

"నా పేరు పైన వేస్తారటే" అంది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "ఒక్క ఆట. ఆ తర్వాత మూల కూర్చోమంటే కూర్చుంటాను. నువ్వు మొదటి వరసలో కూర్చో. నీ నోరు కనిపిస్తే చాలు నాకు. నువ్వున్నావుగా."

నేను ఆ మాటకి పడిపోయాను. పడిపోకుండా ఎవరుంటారు?

రిహార్సల్స్ బాగానే సాగాయి. మొదటి వరస మధ్య కుర్చీ నాది. అక్క ఎక్కడ తిరిగినా నా వైపే ముఖం పెట్టేది. మిగతా రెండు వైపులా కూర్చునేవాళ్ళకి వీపూ చెవీ తప్ప ఏమీ కనబడవని అసిస్టెంట్లు గోలపెట్టారు. దర్శకుడు మాత్రం అందులో ఏదో గొప్ప అర్థం ఉందని మురిసిపోయాడు. నాటకం మొత్తం నాకు కంఠతా వచ్చేసింది. అక్కకి మొదటి సగం బొటాబొటిగా నిలిచింది, రెండో సగమంతా నా నోట్లోనే ఉంది. ఇల్లు చేరేసరికి నా దవడలు లాగేసేవి.

ఒక్కటి మరిచిపోయాను. రిహార్సల్స్‌లో హాలు దీపాలన్నీ వెలిగే ఉంటాయి. నేనేమో జీవితమంతా తెర చాటున నా దీపం నేను పెట్టుకుని కూర్చున్న దాన్ని. జనం కూర్చునే వైపు ఆట రోజున చీకటి చేస్తారన్న సంగతి, ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి, నా బుర్రకి తట్టనే లేదు.

ఆ సాయంత్రం హాలు బయట బోర్డు చూశాం. అన్న మాట ప్రకారం పైన వేశాడు. అక్క దాని ముందు నిలబడి, తన పేరు పైకి చదువుకుంది. "బాగుంది కదూ, తల్లీ?" అంది పక్కన పోతున్న ఎవరో అమ్మాయితో.

హాలు నిండింది. దీపాలు ఆరాయి. అయినా స్టేజీ మీది వెలుగు మొదటి వరస మీద కొంచెం పడుతోంది, అక్క నన్ను వెతుక్కుని పట్టుకుంది. మొదటి సగం దాటింది. ఎక్కడ ఆగినా అందుకుంది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు కరెంటు తీసేసే సీను వచ్చింది. అధికారులు ఆ ఇంటికి కరెంటు తీసేస్తారు, ముసలావిడ లాంతరు వెలిగించుకుంటుంది. స్టేజీ మీద దీపాలన్నీ పోయాయి. లాంతరు ఒక్కటే మిగిలింది, అదీ అక్క ముఖం దగ్గర. తలుపు అవతలి నుంచి గొంతు, "తాళం ఇవ్వమ్మా" అంది. అక్క, "ఇవ్వను. ఈ తాళంతో నేను తలుపు వేసుకోలేదు, నన్ను నేను దాచుకున్నాను" అనాలి. అనలేదు. నా వైపు చూసింది. నేను నోరు కదిపాను. అక్క కళ్ళు నన్ను దాటి అటూ ఇటూ తిరిగాయి. తనకి నేను కనబడటం లేదు.

సంచీలోంచి ఫోను తీసి, దాని వెలుగు గడ్డం కింద పెట్టుకుని, పెదవులు పెద్దగా కదిపాను. వెంటనే నా భుజం మీద ఎవరో చెయ్యేశారు. "ఫోను ఆపండమ్మా, అందరికీ ఇబ్బందిగా ఉంది" అంది హాలు మనిషి, చెవిలో. "ఆవిడ మా అక్క" అన్నాను. "ఎవరైనా సరే, ఆపండి." పక్కనున్నవాళ్ళు ఉష్ అన్నారు. జీవితంలో మొదటిసారి గొంతు పెట్టి అరుద్దామనుకున్నాను. తీరా గొంతు రాలేదు. వాడని గొంతు వేళకి ఎక్కడ నుంచి వస్తుంది?

అక్క మెడ బిగిసింది. అది చూసింది నేనొక్కదాన్నే.

"కంగారు పడకండి," అంది అక్క, చీకట్లోకి. "డాక్టరుగారు వస్తున్నారు."

జనం మెత్తగా నవ్వారు. నాటకంలో మాటే అనుకున్నారు. అక్క లాంతరు పట్టుకుని రెండడుగులు వేసింది. నడుం నిటారుగా అయింది. "సామాన్లు సర్దుకో!" అని తనని తానే గదమాయించుకుంది. "ఇక్కడ ఒక్క నిమిషం ఉండడానికి వీల్లేదు!" నా వెనక ఎవరో ఊపిరి బిగబట్టారు. తర్వాత జడ్జీ వచ్చింది, మేనత్త వచ్చింది, పొరుగింటావిడ వచ్చి కాసేపు ఏడ్చింది. ఏ మాట ఏ సినిమాలోదో, ఏ ఊళ్ళో ఏ హాల్లో మొదట విన్నానో నాకు తెలుసు. ఇన్నేళ్ళ వేషాలన్నీ ఆ లాంతరు చుట్టూ వచ్చి పోతున్నాయి, దేన్నీ నేను ఆపలేను, దేనికీ తర్వాత మాట అందించలేను. ఆఖరికి అక్క లాంతరు కింద పెట్టి, దాని పక్కన చతికిలబడి, ముక్కుతో సన్నగా అంది:

"అమ్మా, నేను దారి తప్పాను. నన్నెవరైనా చూశారా?"

దర్శకుడో, దీపాల దగ్గరున్నవాడో, ఎవరికి తోచిందో గానీ చీకటి చేసేశారు.

చప్పట్లు ఆగలేదు. జనం లేచి నిలబడ్డారు. చెప్పుల కోసం కాదు, అక్క కోసం లేచారు. నేనొక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

మేకప్ రూము ఇరుకు, అందులో సగం ఊరు దూరింది. దర్శకుడు కళ్ళు తుడుచుకుంటూ నా చేతులు పట్టుకున్నాడు. "చూశారా అండీ? మీరు వద్దన్నారు! ఆ చివరిది నేను రాయలేదు, ఆవిడే సృష్టించారు. రేపటి నుంచి రోజూ అదే ఉంచేద్దాం. ఇంకో నెల హాలు మాట్లాడేశాను."

"రోజూనా?" అన్నాను.

"రోజూ. అచ్చం ఇలాగే."

అక్క అద్దం ముందు కూర్చుని ఉంది. ముఖం వెలిగిపోతోంది. వచ్చినవాళ్ళ గడ్డాలు పట్టుకుంటోంది, నాన్నా అంటోంది, తల్లీ అంటోంది. నేను జనాన్ని తోసుకుంటూ దగ్గరికెళ్ళాను. అక్క నా గడ్డం పట్టుకుంది.

"రా తల్లీ, కూర్చో. నాటకం నచ్చిందా?"

నేను నవ్వుదామనుకున్నాను. వేళాకోళమేమో అని కళ్ళలోకి చూశాను. కాదు.

"అక్కా, నేనెవర్ని?"

దర్శకుడు మాట ఆపి ఇటు తిరిగాడు. గదిలో సందడి తగ్గింది. అక్క చిరునవ్వు అలాగే ఉంది, మెడ మాత్రం బిగిసింది. నా కళ్ళకేసి చూడటం మానేసి నా పెదవులకేసి చూసింది. ఎదురుచూసింది.

పళ్ళు బిగబట్టాను. ఈ ఒక్క మాటా నేను అందించను అనుకున్నాను. ఇది తనంతట తను చెప్పాలి, లేకపోతే చెప్పకూడదు. చూడనీ, అందరూ చూడనీ, అప్పుడైనా నమ్ముతారు. అక్క కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి. వాటిలో నీళ్ళు తిరిగాయి. సంతలో అమ్మ చెయ్యి వదిలేస్తే చిన్నపిల్ల ఎలా చూస్తుందో అలా చూసింది. చుట్టూ ఇంతమంది చూస్తున్నారు, తన పేరు బయట పెద్దక్షరాలతో ఉంది.

నా పెదవులు కదిలాయి.

"మా చెల్లి!" అంది అక్క. రెండు చేతులూ చాచి నన్ను గుండెకి హత్తుకుంది. "ఇంకెవరే, నా చెల్లివి! నువ్వు లేకపోతే నేనెక్కడున్నాను?"

గదిలో అందరూ కళ్ళు తుడుచుకున్నారు. చాలా బాగా చెప్పింది. ఎప్పుడూ బాగానే చెబుతుంది, అందిస్తే.